నక్షత్రాలు ఢీకొన్నాయా, కలిసిపోయాయా?

సందేహం: ‘2008లో వృశ్చికరాశిలోని జంట నక్షత్రాలు పరస్పరం ఒకదానినొకటి ఢీకొని విలీనం కాబడినాయి’ అని మా బడి గోడపత్రికలో రాసినాను. మా తెలుగు అయివారు ‘ఢీకొని’ కొట్టేసినారు. ఆ మాట తప్పా సార్? – ఒక సైన్స్ ఉపాధ్యాయుడు, జమ్మలమడుగు

సమాధానం: అయివారితో సగం ఏకీభవిస్తాను. ‘ఢీ’ అన్నప్పుడు ఎదురుపడటం ఉండాలి. పొట్టేళ్లు ఢీకొంటాయి, కడప–కర్నూలు రోడ్డు మీద బస్సూ లారీ ఢీకొంటాయి. జంట నక్షత్రాల సంగతి వేరు. అవి మొదటి నుంచీ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూనే ఉంటాయి. బరువైనది ముందు ముసలిదై ఉబ్బుతుంది, దాని వాయువు పక్కదాని మీదికి ఒలుకుతుంది. ఒక్కోసారి రెండూ ఒకే వాయుపొరలో చిక్కుకుంటాయి. ఆ రాపిడికి ఎడం తగ్గి తగ్గి, చివరికి ఒకటి రెండోదానిలోకి దిగిపోతుంది. మీరు రాసిన జంటకు జరిగిందిదే. పోలండ్ శాస్త్రజ్ఞులు అంతకుముందు ఏళ్ల తరబడి తీసిపెట్టిన కొలతలు తిరగేస్తే, ఆ జంట ఒక చుట్టు తిరిగే కాలం, సుమారు 1.4 రోజులు, ఏటేటా తరుగుతూ వచ్చినట్టు తేలింది. 2008 సెప్టెంబరులో భగ్గుమంది. దీనికి ‘కలిసిపోయాయి’ చాలు.

అలాగని ‘ఢీకొను’ను ఆకాశం నుంచి వెళ్లగొట్టనక్కర్లేదు. లక్షల నక్షత్రాలు కిక్కిరిసిన గుచ్ఛాల్లో ఏ సంబంధమూ లేని రెండు చుక్కలు తగులుకుంటే అక్కడ ఆ మాటే సరి. 2017 ఆగస్టు 17న గురుత్వ తరంగాల్లో (బరువైనవి వేగంగా తిరిగితే స్థలకాలాల్లో పుట్టే అలల్లో) పట్టుబడిన రెండు న్యూట్రాన్ తారలు (పెద్ద నక్షత్రం పేలాక మిగిలే చిన్న, మహా బరువైన గుండ్లు) జంటే. కానీ చివరి క్షణాల్లో సెకనుకు వందల చుట్లు తిరిగి ఒక్కటయ్యాయి. వాటిని ఢీకొన్నాయన్నవారితో నేను తగువు పెట్టుకోను. అంత వేగానికి మెత్తటి మాట ఆనదు. ‘ఢీకొట్టింది’ మాత్రం వద్దు. అందులో తప్పు ఒకరి మీదే పడుతుంది, ప్రమాద వార్తలు రాసేవారికి ఇది బాగా తెలుసు.

అసలు తప్పులు అయివారి కంట పడనేలేదు. ‘పరస్పరం’ అన్నాక ‘ఒకదానినొకటి’ దండగ. ‘కాబడినాయి’ అంతకన్నా చెడ్డది. ‘అవు’ అకర్మక ధాతువు, అంటే ‘దేన్ని?’ అనే ప్రశ్నకు చోటులేని క్రియ, దానికి ‘బడు’ అతకదు. గ్రామీణ బ్యాంకులను ప్రభుత్వం విలీనం చేసింది గనక అవి ‘విలీనం చేయబడ్డాయి’ అనొచ్చు, చెవికి ఇంపుగా లేకపోయినా. నక్షత్రాలను విలీనం చేసిందెవరు? ‘విలీనమయ్యాయి’ అని రాయండి. మన సీమ పలుకుబడిలో ‘విలీనమైనాయి’ అన్నా దిద్దే హక్కు ఎవరికీ లేదు.