నీ కథలో పెయ్య వయసెంత?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. లేగ నేలమీద పడగానే నాయనమ్మ దాని ముక్కులో జిగురు వేలితో తీసేసి, ఎండుగడ్డితో ఒళ్ళంతా రుద్దే ఘట్టం బాగుంది. అది చూసి రాశావు. తర్వాతి పేజీలు చూడకుండా రాశావు, ఈ ఉత్తరం అందుకే.

ఉగాదికి పుట్టిన ఆ లేగ సంక్రాంతికల్లా ఈని, పాలిచ్చి, ఇంటి అప్పు తీర్చేసింది నీ కథలో. పది నెలల దూడ ఎలా ఈనుతుంది? ఒంగోలు జాతి పెయ్య ఎదకు రావడానికే రెండున్నర, మూడేళ్ళు పడుతుంది. చూడి కట్టాక తొమ్మిది నెలల పది రోజులు మొయ్యాలి. జెర్సీ సంకరజాతి పెయ్యను బాగా మేపితే ఏడాదిన్నరకు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించవచ్చు, రెండున్నరేళ్ళకు ఈనుతుంది. గేదె పడ్డయితే మోసేదే పది నెలల పది రోజులు, తొలి ఈత వచ్చేసరికి మూడున్నర, నాలుగేళ్ళు. అన్నాళ్ళూ అది మేత తింటుందే గానీ చుక్క పాలివ్వదు. రైతు బతుకులో అసలు బరువు ఆ ఖాళీ సంవత్సరాలే. నువ్వు వాటిని రెండు వాక్యాల్లో దాటేశావు.

పల్లెకథలో కాలం క్యాలెండర్ మీద కాదు, కొట్టంలో నడుస్తుంది. నా మాట ఎవరు ఒప్పుకున్నా మానినా సరే, పశువును ఏ పేరుతో పిలిచావో దాన్నిబట్టే పాఠకుడు కథ ఎన్నాళ్ళు సాగిందో లెక్క కడతాడు. పాలు తాగుతున్నన్నాళ్ళు లేగ. మేత మరిగాక దూడ. ఆపైన ఆడదయితే పెయ్య, మగదయితే కోడె. గేదెల్లో ఎదిగిన ఆడదూడను పడ్డ అంటారు. చూడి కడితే చూడిపడ్డ. మొదటిసారి ఈనబోయేది తొలిచూలుది. ఈనాక దాని వయసు ఎవరూ ఏళ్ళలో అడగరు, ‘ఎన్నో ఈత?’ అంటారు. పాలు ఆగిపోతే వట్టిపోయింది. ఎన్నిసార్లు దాటించినా కట్టకపోతే గొడ్డుమోతు. నీ కథలో పద్నాలుగు పేజీలూ ‘ఆవు’ అనే ఉంది. పుట్టిన రోజున కూడా ‘చిన్న ఆవు’!

రెండో పేజీలో ‘ఎద్దును ఆవు మీదికి వదిలారు’ అన్నావు. విత్తులు నొక్కించిన తర్వాతే అది ఎద్దు. వదిలేది ఆబోతును, లేదా కోడెను. ఈ రోజుల కథయితే ఊళ్ళో సూది వేసే గోపాలమిత్రకు ఫోన్ చేస్తారు. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలి. ఇరవై ఒక్క రోజులకు మళ్ళీ ఎదకొస్తే పొర్లిందంటారు, అంటే చూడి కట్టలేదన్నమాట. ఆ ఇరవై ఒక్క రోజుల ఎదురుచూపు మీదే ఒక కథ రాయొచ్చు, నువ్వు వాడుకోలేదు.

ఇక సంత. బేరగాడు ఎద్దు పైపెదవి ఎత్తి ‘పైవరస ముందుపళ్ళు’ లెక్కపెట్టాడని రాశావు. పశువుకు పైన ముందుపళ్ళుండవు, గట్టి చిగురే ఉంటుంది. చూసేది కింది దవడలోని ఎనిమిది. పాలపళ్ళు చిన్నవి, తెల్లగా ఉంటాయి. మధ్యవి రెండూ ఊడి పెద్దవి వస్తే ‘రెండు పళ్ళు’, అప్పటికి సుమారు రెండు, రెండున్నర ఏళ్ళు. మూడేళ్ళు దాటాక నాలుగు పళ్ళు, నాలుగేళ్ళ దగ్గర ఆరు, ఐదో ఏటికి ఎనిమిదీ నిండుతాయి. గేదెకు ఇంకాస్త ఆలస్యం. నోరు నిండాక అరుగుదల చూసి అంచనా కట్టాల్సిందే. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో బండలాగుడు పోటీలకు వెళ్ళి చూడు, పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలే ఉంటాయి. అక్కడ ఎవరూ పుట్టినతేదీ అడగరు. కొమ్ము వలయాలతోనూ వయసు కడతారు, ఉన్న వలయాలకు రెండు కలిపి. కానీ అమ్మేవాడు కొమ్మును చెక్కి నునుపు చేసి తెస్తాడు, అందుకే ఎరిగినవాడు నోరే తెరిపిస్తాడు. పాడిగేదెను కొనేటప్పుడు మోసం ఇంకో రకం. ముందురోజు సాయంత్రం పిండకుండా పొదుగు నింపి తోలుకొస్తారు. వేరేదాని లేగను పక్కన కట్టి ‘నిన్ననే ఈనింది’ అంటారు. అందుకే కొనేవాడు రెండు పూటలు దగ్గరుండి పిండించుకుంటాడు.

‘ఆరొందల కిలోల ఆవు’ అన్నమాట కొట్టెయ్యి. అది ఎదిగిన ఒంగోలు ఆబోతు తూగే బరువు. రైతు పశువును కిలోల్లో చెప్పడు, పళ్ళలో, ఈతల్లో, పూటకిచ్చే లీటర్లలో చెబుతాడు. బరువుతో పని పడేది మందు మోతాదుకూ, పెయ్యకు మొదటి సూది వేయించడానికీ. సంకరజాతి పెయ్య 250 కిలోలకు వస్తేగానీ వేయించకూడదు, తొందరపడితే ఈనేటప్పుడు దూడ బయటకు రావడం కష్టమవుతుంది. కాటా లేనిచోట టేపుతో కొలుస్తారు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి తోక పక్క పిరుదెముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో. చుట్టుకొలతను దాంతోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలొస్తాయి. చుట్టు 60, పొడవు 50 అయితే దాదాపు 273. పశువు సమంగా నిలబడాలి, టేపు వదులు కాకూడదు. చుట్టుకొలతలో రెండంగుళాలు తప్పితే బరువు పద్దెనిమిది కిలోలు తప్పుతుంది.

నీ మనుషులు నల్లగొండ వాళ్ళు, నోట మాత్రం ‘గేదె’ అంటున్నారు. అక్కడ బర్రె, దాని ఆడదూడ దుడ్డె. రాయలసీమకు పోతే ఎనుము. ఇలా రాస్తే పాఠకులకు అర్థం కాదని సంపాదకులు దుడ్డెను ‘గేదెపిల్ల’గా దిద్దుతారు. నగరంలో కూర్చుని పల్లెకథలకు ప్రత్యేక సంచికలు వేసేవాళ్ళకే ఆ మాటలంటే భయం. నా కథల్లోనూ దిద్దారు, ప్రతిసారీ వెనక్కి అడిగి మార్పించాను. నువ్వూ అడుగు. వాక్యం సరిగ్గా ఉంటే తెలియని మాట దానంతటదే తెలుస్తుంది. ‘దుడ్డె తల్లి పొదుగు కుమ్ముతోంది’ అన్నాక ఇంకెవరికి వివరణ కావాలి?

ముందుమాట రాయమన్నావు, పోటీకి పంపనా అని అడిగావు. ఆ సంగతులు ఇప్పుడు మాట్లాడను.

అప్పు ఏడాదిలోనే తీరాలంటే లేగ మీద ఆశ పెట్టించకు, నాన్న చేత ఏడో నెల చూడిపెయ్యను కొనిపించు. వెల చాలా ఎక్కువవుతుంది, కాబట్టి రెండో పేజీలో అప్పు మొత్తం పెంచు. కొనేముందు డాక్టరు చేత చెయ్యి పెట్టించి చూడి నిజమని తేల్చుకోనియ్యి, ఎందుకంటే ఐదో నెలదాన్ని ఏడో నెల అని అంటగడతారు. మూడు నెలలు మేత ఖర్చు, ఈనిన రోజు జున్నుపాలు, దూడ వెనక మాయ పడేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేకపోవడం, ఇవన్నీ రావాలి. నాయనమ్మ ఘట్టం మొదట్లోంచి తీసి అక్కడ పెట్టు. మూడో పేజీ నుంచి మళ్ళీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న