ఎఫ్‌టీపీలో ఎవరి ఫోల్డరు వారికే కనిపించాలంటే

విజయవాడ గవర్నర్‌పేటలో ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు, ఉబుంటు (లినక్స్) సర్వరులో వీఎస్‌ఎఫ్‌టీపీడీ, అంటే ఎఫ్‌టీపీ పద్ధతిలో ఫైళ్లు పంపుకొనే సాఫ్ట్‌వేరు. డిజైన్లు పంపే కస్టమర్లకు పక్కవాళ్ల ఫైళ్లూ కనిపిస్తున్నాయి, ఎలా ఆపాలి అన్నది ప్రశ్న.

ఈటీసీ ఫోల్డరులోని వీఎస్‌ఎఫ్‌టీపీడీ కాన్ఫ్ ఫైలులో 'సీహెచ్‌రూట్ లోకల్ యూజర్' (యూజరును తన హోమ్ ఫోల్డరు దాటనివ్వని సెట్టింగు) లైను ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, విలువ యెస్ (YES) అని పెట్టి, సర్వీసు రీస్టార్ట్ చేయండి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లాగిన్ కాగానే '500 ఊప్స్' అని వస్తుంది. యూజరు బందీ అయిన పై ఫోల్డరులో అతనికే రాసే హక్కు ఉంటే 2.3.5 వెర్షన్ నుంచి సర్వరు ఒప్పుకోదు. 'అలో రైటబుల్ సీహెచ్‌రూట్' యెస్ అని పెడితే ఎర్రర్ పోతుంది కానీ, ఆ రక్షణా పోతుంది, నేనైతే పెట్టను. హోమ్ ఫోల్డరు ఓనరుగా రూట్‌ని (సర్వరు అడ్మిన్ ఖాతా) పెట్టి 755 పర్మిషన్ (రాసే హక్కు ఓనరుకే) ఇవ్వండి. లోపల 'అప్‌లోడ్' అనే ఫోల్డరు చేసి, దానికి మాత్రం ఆ యూజరును ఓనరు చేయండి.

ఇంకొకటి మరవకండి. ఈ కట్టడి ఎఫ్‌టీపీకే. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వరులోకి లాగిన్ అయ్యే దారి) తెరిచి ఉంటే అదే పాస్‌వర్డుతో వచ్చి మిగతావీ చూడగలరు. ఆ యూజరు షెల్‌ని (లాగిన్ కాగానే కమాండ్లు తీసుకునే ప్రోగ్రాము) నోలాగిన్‌కి (లాగిన్‌ని తిప్పికొట్టే ప్రోగ్రాము) మార్చండి. ఈటీసీలోని షెల్స్ ఫైలులో నోలాగిన్ పూర్తి పాత్ చేర్చకపోతే ఎఫ్‌టీపీలో '530 లాగిన్ ఇన్‌కరెక్ట్' వస్తుంది.