సర్కారు తుమ్మ మీదికి వెళ్లే ముందు

బిడ్డా స్వప్నా,

ఆదివారాలు మీ కాలనీ పిల్లలంతా కలిసి చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, సర్కారు తుమ్మ తీయబోతున్నారని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే నీ కళ్లు గుర్తొచ్చి భయమూ వేసింది.

చెట్టు పనికిరానిదే కావచ్చు, భూమి మాత్రం మనది కాదు. నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు 2002లో తెచ్చిన వాల్టా చట్టం ఉండనే ఉంది. చెరువు ఏ శాఖ చేతిలో ఉందో కనుక్కుని, సంతకం పెట్టిన కాగితం తెచ్చుకోండి. కొట్టిన కట్టె ఎవరిదో కూడా అందులోనే రాయించండి, తగాదాలు అక్కడే మొదలవుతాయి.

చెట్టును గుర్తుపట్టే దగ్గర తొందరపడకు. మనం దసరాకు మొక్కే జమ్మి, మన తెలంగాణ రాష్ట్ర వృక్షం, ఈ సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే. సర్కారు తుమ్మ ముళ్లు ఆకు పుట్టే కణుపు దగ్గర, ఎక్కువగా జంటగా ఉంటాయి. జమ్మికి పొట్టి ముళ్లు కణుపుల మధ్య, కొమ్మ పొడుగునా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. నల్లతుమ్మకూ జంట ముళ్లే కానీ, దాని పూలు పసుపుపచ్చ బంతుల్లా, కాయ పూసలదండలా ఉంటుంది. సర్కారు తుమ్మ పూత కంకిలా సాగుతుంది, కాయ పండితే లేత పసుపు. అనుమానమొస్తే చెట్టుకు గుడ్డపీలిక కట్టి వదిలెయ్యి. తెలిసినవాళ్లు చూశాకే గొడ్డలి.

ఇప్పుడు మా జట్టు చేసిన తప్పు చెప్తా, శ్రద్ధగా చదువు. మొదటి ఏడాది చెట్లను నేలమట్టంగా నరికాం. శిఖం అద్దంలా శుభ్రమైంది, అందరం మురిసిపోయాం. వానలు పడ్డాక చూస్తే ఒక్క కాండం ఉన్న చోట పది చిగుళ్లు! మనిషి దూరలేని పొద అయింది. అప్పటిదాకా గొడ్డలితో అయ్యే పని, ఆ తర్వాత రెట్టింపు కష్టమైంది. చిగురు పుట్టే మొగ్గలు నేల కింద, కాండం వేరుగా మారే మెడ దగ్గర ఉంటాయి. వాటి పైన ఎంత నరికినా చెట్టు చావదు. 1877లో జమైకా గింజ తెచ్చి కడప వైపు కమలాపురంలో నాటారు దీన్ని. వంటచెరకు కోసం తెచ్చిన చెట్టుకు కొట్టినకొద్దీ మొలవడం మంచి గుణమే, మన చెరువుకే అది చేటు.

అందుకని ముందు కొమ్మలు కొట్టేసి, కాండాన్ని నడుమెత్తున వదలండి. పెకలించేటప్పుడు అదే మీకు పట్టు. చుట్టూ గడ్డపారతో అడుగు లోతు తవ్వి, ఆ మెడ కనపడ్డాక దాని కింద వేళ్లు నరకండి. కాండాన్ని అటూఇటూ ఊపి గడ్డతో సహా పైకి లాగి, వేళ్లు ఆకాశం వైపు పెట్టి ఎండలో పడేయండి. మణికట్టంత లావు చెట్టు ఇద్దరు చేయగలరు. తొడంత లావువి జేసీబీకి వదలండి. వాన వెలిసిన రెండో రోజు నేల మెత్తగా ఉంటుంది కానీ, గిజిగాళ్లు గూళ్లు కట్టేదీ వానల్లోనే. గుడ్లో పిల్లలో ఉన్న చెట్టు జోలికి పోవద్దు.

చెరువు కట్ట మీద మాత్రం ఒక్క వేరూ పెకలించకు. వేరు పోయిన బొరియలోంచి నీళ్లు దారి చేసుకుంటే కట్టే తెగుతుంది. అక్కడ ఇంజనీరు చెప్పినట్టే. నీళ్ల పక్కన మోడుకు మందులు, డీజిలు పూయడాలూ వద్దు.

కాయలు సంచుల్లోకి ఏరండి. తియ్యగా ఉంటాయని మేకలు తింటాయి, గింజ చెడకుండా పెంటికతో బయటికొచ్చి కొత్తచోట మొలుస్తుంది. నేలలో ఉన్న గింజలు కూడా ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటాయి. వానలయ్యాక ప్రతి పదిహేను రోజులకూ తిరిగి, జానెడు మొలకలను చేత్తో పీకండి. ఈ తిరుగుడు మానేస్తే చేసిందంతా వృథా.

ఇక నా భయం. ఒకరు వంచి వదిలిన కొమ్మ కొరడాలా తిరిగొచ్చేది వెనకవాళ్ల ముఖం మీదికే. మనిషికీ మనిషికీ పదడుగుల దూరం ఉండాలి. కొమ్మను మొదలు పట్టుకునే లాగాలి, కొన పట్టుకోవద్దు. తోలు చేతిగ్లౌజులు, మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి. చెప్పుల్లోంచి ముల్లు సూదిలా దూరుతుంది. కీలు దగ్గర ముల్లు విరిగితే సూదితో కెలకొద్దు. అది ఎక్స్‌రేలో సాధారణంగా కనపడదు, ముల్లు లోపలే ఉందని డాక్టరుకు నోటితో చెప్పాలి. టీటీ ఇంజెక్షన్ ముందే వేయించుకోండి. పొదలో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి, రక్తపింజర ఉండొచ్చు. పాము కాటుకు విరుగుడు మందు ఏ ఆస్పత్రిలో ఉందో బయల్దేరేముందే కనుక్కోండి.

కళ్లద్దాలు పన్నెండు కొని మీ అమ్మ చేతికిచ్చాను. ఆదివారం పొద్దున అందరూ పెట్టుకున్నాక ఒక ఫోటో పంపు తల్లీ, ఆ తర్వాతే గడ్డపార పట్టు.

మీ పెద్దనాన్న