పాత డాబా కొని బాగుచేసి అమ్మాలంటే ముందు శ్లాబు చూడండి

విజయనగరంలో ముప్పై ఏళ్ల నాటి డాబా కొని, ఎనిమిది లక్షలతో బాగుచేసి అమ్ముదామనుకుంటున్నానని, ముందు వంటగది మార్చాలా, టైల్స్ మార్చాలా అని అడిగారు. ఆ రెండూ తర్వాత. ముందు శ్లాబు, గోడల చెమ్మ.

నేనూ మా బావమరిదీ కలిసి దాసన్నపేటలోనూ శ్రీకాకుళంలోనూ ఇలాంటి ఇళ్లు బాగుచేసి అమ్మాం. మన దగ్గర కొనేవాళ్లలో ఎక్కువమంది పిల్లల చదువుల కోసం పల్లెల నుంచి వచ్చేవాళ్లు, రిటైరైన మాస్టార్లు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు చూసిన జనం. గదిలోకి రాగానే తలెత్తి పైమూలల్లో మచ్చలున్నాయా అని చూస్తారు. "వానకి కారుతుందా?" అన్నదే మొదటి ప్రశ్న.

అందుకే బేరం కుదుర్చుకోకముందే ఒక మేస్త్రిని తీసుకెళ్లి శ్లాబు అడుగున చిన్న సుత్తితో తట్టించండి. గుల్ల చప్పుడు వచ్చిన చోట లోపల ఊచలు తుప్పు పట్టాయని అనుమానించాలి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే కాంక్రీటును తోసి పెచ్చులు ఊడగొడుతుంది. దాని మీద సిమెంటు మెత్తి రంగు వేస్తే మళ్లీ ఊడుతుంది. గుల్లైన భాగమంతా చెక్కి, ఊచ మెరిసేదాకా రుద్ది, తుప్పు పట్టకుండా పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చాలి. ఊచ బాగా సన్నబడినా, దూలాల్లో బీటలున్నా మేస్త్రి మాటతో సరిపెట్టుకోకండి, స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించండి. నష్టం చాలా మేర ఉంటే ఆ ఇల్లు వదిలేయండి. మీ ఎనిమిది లక్షలూ అక్కడే అయిపోతాయి.

పైన వాలు సరిగా ఉందా, పిట్టగోడ శ్లాబుతో కలిసే చోట పగుళ్లున్నాయా, వాననీటి గొట్టాలు పూడిపోయాయా చూడండి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక గొట్టాలు మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింద నుంచి చూడాలి. బాత్‌రూమ్‌కీ అంతే, నీళ్లు నిలబెట్టి చూడకుండా టైల్స్ వేయనివ్వకండి. చెమ్మ ఉన్న గోడకి పుట్టీ పెడితే కొన్నాళ్లకే పొరలుగా లేస్తుంది. నీరెక్కడి నుంచి వస్తోందో ఆపి, గోడ పూర్తిగా ఆరాకే రంగు. ఇక్కడ తొందరపడే వాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది, కొన్నవాళ్లు జీవితమంతా కూడబెట్టిన డబ్బు కదా అది.

వైరింగ్ పాతదైతే మొత్తం మార్చండి. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, మంచి ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. వంటగదికి గ్రానైట్ గట్టు, స్టీలు సింకు, శుభ్రమైన టైల్స్ చాలు. మాడ్యులర్ కిచెన్ వద్దు, ఆ ఖర్చు మన ఊళ్లలో అమ్మకం ధరలో తిరిగి రావడం నేను చూడలేదు. వాస్తు మీరు నమ్మినా నమ్మకపోయినా కొనేవాళ్లు చూస్తారు. ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉంటే దాన్ని మార్చే ఖర్చు కొనేటప్పుడే బేరంలో తగ్గించుకోండి.

కాగితాల దగ్గర ఈసీ (ఆస్తి మీద తాకట్టు, లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఇంటి పన్ను రసీదులు అందరూ చూస్తారు. పిత్రార్జితమైతే అక్కచెల్లెళ్ల సంతకాలు మాత్రం కొందరు వదిలేస్తారు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతుళ్లకూ కొడుకులతో సమానంగా హక్కుంది, కాబట్టి వాళ్లు రాకుండా రిజిస్ట్రేషన్‌కి వెళ్లకండి.

ఇక లెక్క. ఆంధ్రాలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. ముప్పై లక్షల ఇంటికి 2.25 లక్షలు కొన్నరోజే పోతాయి. చుట్టుపక్కల అలాంటి ఇల్లు ఎంతకు అమ్ముడైందో కనుక్కుని, అందులోంచి ఈ రిజిస్ట్రేషన్ ఖర్చు, రిపేర్లు, వడ్డీ, మీ లాభం తీసేసి మిగిలినదే మీ కొనుగోలు ధర. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి రేటు పెంచితే తలూపకండి. 24 నెలల లోపు అమ్మితే లాభం స్వల్పకాలికం కింద మీ ఆదాయంలో కలిసి, మీకు వర్తించే ఆదాయపు పన్ను రేటు ప్రకారం పన్ను పడుతుంది. వరసగా కొని అమ్ముతుంటే వ్యాపారంగా లెక్కిస్తారు, అందుకని ఆడిటర్‌ని ముందే కలవండి. సిమెంటు దగ్గర నుంచి స్విచ్‌బోర్డుల దాకా ప్రతి బిల్లూ మీ పేరున తీసుకుని దాచండి, ఖర్చు చూపించాలంటే అవే కావాలి.