సందేహాలు – సమాధానాలు: ఏకకణమా, ఒక్కొక్క కణమా?

సందేహం: చిప్ మీది ప్రయోగశాలలో, అంటే సన్నని కాలువలున్న చిన్న పలక మీద పరీక్షలు జరిపే పరికరంలో, కణాలను విడివిడిగా పట్టి పరీక్షించే విధానం గురించి వ్యాసం రాస్తూ దానిని ‘ఏకకణ విశ్లేషణ’ అన్నాను. చదివిన మిత్రుడు అమీబా వంటి జీవుల గురించి అనుకున్నాడు. ఇంగ్లీషు ‘మానిప్యులేషన్’కు నిఘంటువు చూసి ‘కణాలను తారుమారు చేయడం’ అని రాసిన మాట కూడా అతనికి నచ్చలేదు. ఏవి సరైన ప్రయోగాలు?

సమాధానం: మీ సమాసంలో వ్యాకరణ దోషం లేదు. ‘ఏకకణ జీవి’ అన్నప్పుడు ‘ఏకకణ’ బహువ్రీహి. ఒకే కణం దేహంగా గలదని అర్థం. మీరు ఉద్దేశించినది ‘ఏకకణం యొక్క విశ్లేషణ’ అనే షష్ఠీ తత్పురుషం. పాఠ్యపుస్తకాల వల్ల మొదటి అర్థమే పాఠకుల మనస్సులో స్థిరపడినందున, విగ్రహవాక్యం చెబితే తప్ప రెండవది స్ఫురించదు. సమాసాన్ని శీర్షికకు పరిమితం చేసి, వ్యాసంలో ‘ఒక్కొక్క జీవకణం’ అనడం మేలని నా అభిప్రాయం.

‘ఒక్క కణాన్ని పరీక్షించారు’ అంటే మిగిలినవాటిని వదిలేశారని అర్థం. ‘ఒక్కొక్క కణాన్ని’ అంటే అన్నిటినీ, కాని దేనికదిగా చూశారని. ఈ విద్యకు ప్రాణం ఆ రెండవ అర్థమే. కణజాలాన్ని మొత్తంగా నూరి పరీక్షిస్తే దక్కేది సగటు మాత్రమే. వేల కణాల నడుమ ఉన్న అరుదైన క్యాన్సర్ కణం ఆ సగటులో కనబడకుండా పోతుంది. అందుకే 2015లో వెలువడిన డ్రాప్-సీక్ పద్ధతిలో, సన్నని కాలువలలో నూనె మధ్య నీటి బిందువులను పుట్టించి, ఒక్కొక్క బిందువులో ఒక జీవకణమూ, గుర్తు సంకేతాలు అతికించిన ఒక పూసా చేరేలా చూస్తారు. ఏ ఆర్‌ఎన్‌ఏ ఏ కణానిదో తరువాత ఆ సంకేతమే చెబుతుంది. రెండు కణాలు ఒకే బిందువులో పడకుండా ద్రావణాన్ని బాగా పలుచన చేస్తారు కనుక, నిజానికి అధిక భాగం బిందువులు ఖాళీగానే పోతాయి. ఇటువంటి చోట ‘జీవ’ శబ్దాన్ని విడవకూడదు. ఉత్త ‘కణం’ అంటే భౌతికశాస్త్రపు రేణువో, ఆ పూసో అనుకునే అవకాశముంది.

ఇక ‘తారుమారు’ సంగతి. తారుమారయ్యేవి సాక్ష్యాలూ లెక్కలూ. ఆ మాటలో మోసమో గందరగోళమో ధ్వనిస్తుంది. ఒకే పదం కోసం వెదకడం కంటే పరికరం చేసే పనిని చెప్పండి. ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతి తెచ్చిన లేజరు పట్టకారు కణాన్ని ‘పట్టి నిలుపుతుంది’. అసమ విద్యుత్ క్షేత్రం దానిని ‘లాగుతుంది’ లేదా ‘నెడుతుంది’. గాలి ఒత్తిడితో మూసుకునే సూక్ష్మ కవాటం ‘దారి మళ్ళిస్తుంది’. ఉమ్మడి మాట తప్పనిసరైతే, కార్యాలయపు వాసన కొట్టే ‘నిర్వహణ’ కన్నా ‘కణాలను అదుపులో నడపడం’ అనండి.