వెనక స్పీకర్లు పలకాలంటే: పాత రాక్ ఆల్బమ్‌ల 5.1 మిక్స్‌లపై ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా దగ్గర అసెంబుల్ చేయించిన 5.1 యాంప్లిఫైయర్ ఉంది. పెన్‌డ్రైవ్ పెడితే అన్ని స్పీకర్లూ పలుకుతాయి. కొత్తగా కొన్న రాక్ ఆల్బమ్ బ్లూరే వేస్తే మాత్రం ముందు రెండే పలుకుతున్నాయి. ప్లేయర్‌ను ఎరుపు, తెలుపు పిన్నుల వైరుతో కలిపాను. డిస్క్ చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: డిస్క్‌కు ఏమీ కాలేదండీ, ఇబ్బంది వైరుతోనే. 5.1 అంటే ముందు మూడు, వెనక రెండు, ఊఫర్‌కు ఒకటి, మొత్తం ఆరు చానళ్లు. ఎరుపు, తెలుపు పిన్నులు మోసేది రెండు చానళ్లే. ప్లేయర్ ఆరు చానళ్లనూ రెండుగా కుదించి పంపుతోంది. పెన్‌డ్రైవ్ పాటలు వెనక వినిపిస్తున్నాయంటే అది సరౌండ్ అనుకోకండి. ఎంపీ3లో ఉన్న ఎడమ, కుడి చానళ్లనే బోర్డు వెనక్కి కూడా పంపుతుంది.

మీ యాంప్‌లో డీటీఎస్, డాల్బీ (సరౌండ్ ధ్వనిని డిజిటల్‌గా నింపే ఫార్మాట్లు) డీకోడర్ బోర్డు ఉంటే ప్లేయర్ నుంచి ఆప్టికల్ వైరు వేయండి. ప్లేయర్ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియోను 'బిట్‌స్ట్రీమ్'కు మార్చండి, 'సెకండరీ ఆడియో' లేదా 'బీడీ ఆడియో మిక్స్' అని ఉన్నది ఆఫ్ చేయండి. ఆ తర్వాత డిస్క్ మెనూలోకి వెళ్లి 5.1 ఎంచుకోండి. చాలా మ్యూజిక్ బ్లూరేలు మనం మార్చేదాకా స్టీరియోలోనే మొదలవుతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. డిస్క్‌లో డీటీఎస్-హెచ్‌డీ ట్రాక్ ఉంటే దాని లోపలి మామూలు డీటీఎస్ భాగం ఆప్టికల్‌లో వెళ్తుంది, మీ బోర్డు దాన్ని చదువుతుంది. ఉన్నది ఆరు చానళ్ల పీసీఎం (కంప్రెస్ చేయని డిజిటల్ ధ్వని) మాత్రమే అయితే ఆప్టికల్ దాన్ని మోయలేదు, మళ్లీ రెండు చానళ్లే వస్తాయి. కొన్ని ప్లేయర్లలో 'డీటీఎస్ రీ-ఎన్‌కోడ్' అనే ఎంపిక ఉంటుంది, అది ఉంటే గట్టెక్కినట్టే. లేకపోతే హెచ్‌డీఎమ్‌ఐ ఇన్‌పుట్ ఉన్న రిసీవర్ కావాలి. కొనేముందు డిస్క్ అట్ట వెనక ఏ ఫార్మాట్ రాసి ఉందో చూసుకోండి.

ప్రశ్న: మామూలు స్టీరియో పాటనే రిసీవర్ ఐదు స్పీకర్లకు పంచుతుంది కదా. మళ్లీ డబ్బు పెట్టి రీమిక్స్ ఎందుకు?
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. రిసీవర్ చేసేది అంచనా మాత్రమే. రెండు చానళ్లలోనూ ఒకేలా ఉన్న ధ్వనిని మధ్యకు, ఫేజ్ తేడా ఉన్నదాన్ని, అంటే రెండింటిలో తరంగాల ఎగుడుదిగుళ్లు కలవనిదాన్ని, వెనక్కి నెడుతుంది. అందుకే వెనక నుంచి ప్రతిధ్వని, సింబల్స్ ముక్కలు వినిపిస్తాయి. మధ్యలో గొంతు సన్నబడుతుంది.

రీమిక్స్ చేసేవారు మొదటి రికార్డింగ్ టేపుల దగ్గరికి వెళ్తారు. బీటిల్స్ 'అబ్బీ రోడ్' 1969లో 8 ట్రాకుల మీద, పింక్ ఫ్లాయిడ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973 నాటికి 16 ట్రాకుల మీద రికార్డయ్యాయి. ఒక్కో ట్రాకులో వాద్యాలు, గొంతులు విడిగా ఉంటాయి కాబట్టి దేన్ని ఎక్కడ నిలపాలో మిక్సర్ నిర్ణయించగలరు. కింగ్ క్రిమ్సన్, జెత్రో టల్, యెస్ బ్యాండ్ల ఆల్బమ్‌లను 5.1లోకి తెచ్చిన స్టీవెన్ విల్సన్ పద్ధతి మాకు చాలా నచ్చుతుంది. ముందు పాత స్టీరియో మిక్స్‌కు దగ్గరగా కొత్త స్టీరియో చేసుకుని, అది కుదిరాకే చుట్టూ పరుస్తారు. అందుకే ఆ మిక్స్‌లు విన్నప్పుడు పాట మారిపోయినట్టు ఉండదు.

4 ట్రాకుల కాలం నాటి పాటలతోనే కష్టం. డ్రమ్స్, బేస్, గిటార్ ఒకే ట్రాకులో కలిసిపోయి ఉండేవి. 1966 నాటి బీటిల్స్ 'రివాల్వర్'ను 2022లో కొత్తగా మిక్స్ చేయడానికి కలిసిపోయిన వాద్యాలను విడదీసే మెషిన్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ వాడాల్సి వచ్చింది.

అసలైన 5.1 డిస్క్ వేసినప్పుడు రిసీవర్‌లో 'ఆల్ చానల్ స్టీరియో' లాంటి మోడ్‌లన్నీ ఆపేసి 'డైరెక్ట్'లో వినండి. మీ రిసీవర్ 'డైరెక్ట్'లో ఊఫర్ సెట్టింగులను కూడా పక్కన పెట్టేస్తుంటే మామూలు డీకోడింగ్ మోడ్‌లోనే ఉంచండి.

ప్రశ్న: హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. నేలంతా టైల్స్. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంది, వెనక స్పీకర్లు సీలింగ్ దగ్గర మూలల్లో బిగించారు. అంతా గోలగోలగా ఉంది.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సినిమా కోసం పైన బిగిస్తారు, రాక్ మిక్స్‌కు అది నప్పదు. ఈ మిక్స్‌లలో వెనక నుంచి పూర్తి గిటార్, కోరస్, కీబోర్డ్ వస్తాయి. అవి ముందు స్పీకర్లకు సమానంగా, చెవి ఎత్తులో పలకాలి.

మొదట సోఫాను గోడ నుంచి జరపండి. వినేవారి తల వెనక గోడకు 5 అడుగుల దూరంలో ఉండాలి. ముందు స్పీకర్ల మధ్య 9 అడుగులు, ఒక్కోదానికీ మీ తలకూ 9 అడుగులు పెట్టండి. అప్పుడవి టీవీ గోడకు సుమారు 3 అడుగులు ఇవతల, పక్క గోడలకు అడుగున్నర దూరంలో వస్తాయి. మధ్య స్పీకర్ ఎదురుగా. వెనక స్పీకర్లు తల నుంచి 5 అడుగుల దూరంలో, చెవుల వరుసకు అడుగు ముప్పావు వెనగ్గా, స్టాండ్ల మీద మూడున్నర అడుగుల ఎత్తున ఉంచండి. ఇలా పెడితే అవి సూటి ఎదురు దిశ నుంచి దాదాపు 110 డిగ్రీల కోణంలో ఉంటాయి. ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం) ప్రమాణం చెప్పే 100–120 డిగ్రీలకు సరిపోతుంది.

ఇప్పుడు టేపుతో కొలిచి రిసీవర్‌లో దూరాలు నింపండి, దీన్ని వదిలేయకండి. ముందువి 9, వెనకవి 5 అడుగులు అయితే వెనక ధ్వని మూడున్నర మిల్లీ సెకన్ల ముందే చేరుతుంది, పైగా గట్టిగా. ముందు చేరినవైపే చెవి మొగ్గుతుంది, దాంతో పాట మొత్తం వీపు వెనక్కి జారుతుంది. తర్వాత టెస్ట్ టోన్ వేసి, తల ఉండే చోట సౌండ్ మీటర్ పెట్టి, మీటర్‌ను 'సీ' వెయిటింగ్, 'స్లో' సెట్టింగుల మీద ఉంచి ఒక్కో స్పీకర్‌నూ 75 డెసిబెల్‌కు తెండి. ఫోన్ యాప్‌లో అంకె కచ్చితంగా ఉండకపోయినా ఐదింటినీ పోల్చడానికి చాలు. ఫోన్ మైకు లోతైన బేస్‌ను సరిగా పట్టదు కాబట్టి ఊఫర్‌కు దాన్ని నమ్మకండి. కూలర్, ఫ్యాన్ ఆపి కొలవండి. 'డార్క్ సైడ్' మొదట్లో వచ్చే గుండె చప్పుడు కూలర్ హోరులో పూర్తిగా మునిగిపోతుంది.

టైల్స్ మోతకు మీకూ స్పీకర్లకూ మధ్య నేల మీద జంపఖానా పరచండి. వరంగల్ కొత్తవాడలో నేసిన మందపాటిదైతే మంచిది. అయితే అది సింబల్స్ చురుకును తగ్గిస్తుంది తప్ప గొంతు, గిటార్ మోతను పెద్దగా ఆపదు. దానికి మందం కావాలి. వెనక గోడకు 4 అంగుళాల దూది పరుపు నిలబెట్టి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: 'డార్క్ సైడ్' పెట్టెలో ఉన్న క్వాడ్ మిక్స్‌లో మధ్య స్పీకర్, ఊఫర్ చానల్ పలకవు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పలకకూడదు కూడా. 1970ల క్వాడ్ నాలుగు మూలల పద్ధతి, అందులో మధ్య చానల్, ఊఫర్ చానల్ లేవు. అది అలన్ పార్సన్స్ చేసిన మిక్స్. 2003 నాటి 5.1 మిక్స్ జేమ్స్ గథ్రీది. రెండూ వేర్వేరు, రెండూ వినదగ్గవే.

ప్రశ్న: ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) కొన్నాను, డీవీడీ ప్లేయర్‌లో స్టీరియోనే వస్తోంది.
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: హైబ్రిడ్ డిస్క్‌లో మామూలు సీడీ పొర, ఎస్‌ఏసీడీ పొర రెండూ ఉంటాయి. మీ ప్లేయర్ మొదటిదే చదువుతోంది. ఎస్‌ఏసీడీ చదివే ప్లేయర్, హెచ్‌డీఎమ్‌ఐ వైరు కావాలి. ఆప్టికల్‌లో ఈ 5.1 వెళ్లదు. డీవీడీ-ఆడియో డిస్కులు మీకు నయం. చాలావాటిలో మామూలు ప్లేయర్‌కు పనికొచ్చే డాల్బీ లేదా డీటీఎస్ 5.1 కూడా ఉంటుంది.

ప్రశ్న: సినిమాల్లో ఊఫర్ అదిరిపోతుంది. రాక్ డిస్కుల్లో బేస్ గిటారే వినపడదు.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: సినిమాలో పేలుళ్లు '.1' చానల్‌లో వస్తాయి. పాటల మిక్స్‌లో బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఎక్కువగా ముందు చానళ్లలోనే ఉంటాయి. మీ చిన్న స్పీకర్లు రిసీవర్‌లో 'లార్జ్'గా నమోదై ఉంటే ఆ బేస్ వాటికే వెళ్లి వినపడకుండా పోతుంది. 'స్మాల్' చేసి క్రాసోవర్ (దీనికి కింది బేస్ ఊఫర్‌కు మళ్లే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి. 3 అంగుళాల బుల్లి స్పీకర్లయితే 120 నుంచి 150 దాకా కావాలి.

తర్వాత ఊఫర్‌ను తాత్కాలికంగా మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ బాగా ఉన్న పాట వేసి, గోడల వెంట వంగి నడుస్తూ వినండి. ఏ చోట ప్రతి స్వరమూ విడిగా, సమానంగా వినిపిస్తే ఊఫర్ అక్కడికి మార్చండి. చివరగా సీట్లో కూర్చుని, ఊఫర్ వెనక ఫేజ్ స్విచ్‌ను ఇంకొకరితో 0కీ 180కీ మధ్య మార్పించండి. కిక్ డ్రమ్ ఎటు నిండుగా వినిపిస్తే అటే ఉంచేయండి.