చెమట తుడుచుకునే వ్యవధి

ప్రశ్న: వయొలిన్ విద్వాంసుడు డేవిడ్ ఒయిస్ట్రాఖ్‌ది రష్యానా, ఉక్రెయినా? పాఠాలు కూడా చెప్పేవారా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పుట్టింది 1908లో, ఉక్రెయిన్ రేవు పట్టణం ఒడెసాలో. ఐదేళ్లకే అక్కడి స్తొల్యార్‌స్కీ మాస్టారి దగ్గర చేరారు. తర్వాత మాస్కోలో స్థిరపడ్డారు, అందుకే ఈ తికమక. 1937లో బ్రస్సెల్స్ పోటీలో మొదటి బహుమతి ఆయనదే. పాఠాలా? మాస్కో కన్సర్వేటరీలో, అంటే అక్కడి సంగీత కళాశాలలో, దశాబ్దాల పాటు చెప్పారు. పేరున్న వయొలిన్ విద్వాంసుడు గిడాన్ క్రేమర్ ఆయన శిష్యుడే.

నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. సోవియట్ స్వరకర్త షోస్తకోవిచ్ తన మొదటి వయొలిన్ కన్చెర్టోను (ఆర్కెస్ట్రా తోడుగా వయొలిన్ ముందుండి నడిపే రచన) ఒయిస్ట్రాఖ్‌కే అంకితమిచ్చారు. 1948లో రాయడం పూర్తయినా, షోస్తకోవిచ్ సంగీతంపై స్టాలిన్ ప్రభుత్వం కన్నెర్ర చేసిన కాలం కదా, 1955 దాకా వేదికెక్కలేదు. మూడో భాగం చివర ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోయి, నిమిషాల తరబడి వయొలిన్ ఒక్కటే మోగుతుంది. ఊపిరి తీసుకునే సందు లేకుండా నాలుగో భాగమూ వయొలిన్‌తోనే మొదలయ్యేలా రాశారు. కనీసం నుదుటి చెమటైనా తుడుచుకోనివ్వమని ఒయిస్ట్రాఖ్ అడిగారట. షోస్తకోవిచ్ ఒప్పుకొని, ఆ మొదటి వరుసలు ఆర్కెస్ట్రాకి ఇచ్చేశారు.

రికార్డులో ఆ చోటు వచ్చేసరికి నా చెయ్యి కూడా జేబురుమాలు మీదికే పోతుంది.